నువ్వెవురో తెలీదు, మనోడివే

పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం మా అమ్మ నా మొహంలోకి చూసి "ఎవురు నాయనా నువ్వు" అని అడిగింది. మా ఇంట్లో ఇది కొత్త ప్రశ్నేం కాదు, అల్జీమర్స్ అని డాక్టర్ చెప్పి అప్పటికి నాలుగేళ్లు, నా పేరు మర్చిపోయి ఏడాదిన్నర, మా నాయన చనిపోయిన సంగతి అంతకన్నా ముందే మర్చిపోయింది కాబట్టి పొద్దుగూకితే ఆయన ఇంకా రాలేదేందని వాకిలి వైపు చూస్తా కూర్చుంటుంది. రోజూ అయితే "నేనమ్మా, నీ కొడుకుని" అని చెప్పేవాణ్ణి, ఆ రోజు ఎందుకో అట్లా చెప్పకుండా "నేనెవరో నీకు తెలీదా" అని ఎదురు అడిగా. కాసేపు ఆలోచించింది. "నువ్వెవురో నాకు తెలీదు నాయనా. మనోడివే గదా" అని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను, ఇరవై ఏళ్లు దాటింది. ఆ సాయంత్రం నుంచి నా బుర్రలో ఈ ఒక్క మాటే తిరుగుతా ఉంది. తెలీదు అంటుంది, మనోడివే అంటుంది. ఈ రెండూ ఒకే నోట్లోంచి ఒకే ఊపిరిలో వచ్చాయి, రెండూ నిజమే. దేవుడి గురించి నేను పాతికేళ్లుగా చేసిన వాదనలన్నీ, అటువైపు నుంచి చేసినవీ ఇటువైపు నుంచి చేసినవీ, ఈ మాట ముందు మళ్లీ మొదట్నుంచి చూసుకోవాల్సి వచ్చింది. ఈ రాసేదంతా ఆ చూసుకోవడమే.

మా ఇల్లు నెల్లూరు రంగనాయకులపేటలో. డాబా ఎక్కితే రంగనాథుడి గాలిగోపురం, దాని వెనక పెన్న. అట్లాంటి వీధిలో పెరిగి కూడా డిగ్రీలో చేరేసరికి నేను గట్టి హేతువాదిని అయ్యాను. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారంటే విపరీతమైన గౌరవం, ఇప్పటికీ ఉంది. చేతిలోంచి విభూది తీసేవాళ్లని ఆ విభూది ముందు ఎక్కడుందని అడగడం నేర్పిన రోజులవి, వాటిని నేను తప్పుగా అనుకోను. అప్పట్లో నా వాదన రెండు ముక్కల్లో ఉండేది: కనిపిస్తే చూపించు, కనిపించకపోతే రుజువు చెయ్. కంటికీ రాక, తర్కానికీ రాకపోతే అది లేనట్టే లెక్క.

తర్వాత నిదానంగా చదువుకుంటే తెలిసిందేంటంటే ఈ రెండు తలుపుల గురించి మనవాళ్లు నాకన్నా చాలా గట్టిగా కొట్లాడుకున్నారని. ఒక సంగతి తెలుసుకునే దారిని ప్రమాణం అంటారు. చార్వాకులు అనే పాత నాస్తికులు ప్రత్యక్షం, అంటే ఎదురుగా కనిపించేది, ఒక్కటే ఒప్పుకున్నారు, తర్కశాస్త్రం నడిపిన నైయాయికులు నాలుగు ప్రమాణాలన్నారు, వేదాన్ని పట్టుకున్న భాట్ట మీమాంసకులూ అద్వైతులూ ఆరు అన్నారు. పదో శతాబ్దంలో ఉదయనుడు అనే నైయాయికుడు దేవుడున్నాడని తర్కంతో నిరూపించడానికి పెద్ద గ్రంథమే రాశాడు, కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే, జగత్తు ఉందంటే కర్త ఉన్నట్టే అనేది అందులో ఒక వాదన. సరే, దీన్ని కొట్టేసింది ఎవరు? నేను చార్వాకులో బౌద్ధులో అనుకున్నా. వాళ్లూ కొట్టారు గానీ నన్ను ఆపేసింది రామానుజులవారు. బ్రహ్మసూత్రాలకి రాసిన శ్రీభాష్యంలో ఆయన ఇదే వాదన తీసుకుని, కుండని చూసి ఊహిస్తే శరీరం ఉన్న కర్తే వస్తాడు, ఒక్కొక్కదానికి ఒక్కొక్కడు చొప్పున చాలామంది కర్తలు కూడా రావచ్చు, అన్నీ తెలిసిన ఒకే ఒక్క ఈశ్వరుడు ఇట్లాంటి ఊహతో రాడు అని తేల్చేశాడు. మా వీధి గుళ్లో పొద్దున్నే తల్చుకునే రామానుజులవారు! నేను డిబేట్లలో నాస్తికుడిగా చెప్పిన పాయింటు ఆయన భక్తుడిగా తొమ్మిదొందల ఏళ్ల కింద చెప్పి కూర్చున్నాడు. ఆయన తర్వాత ఎప్పటికో 1781లో కాంట్ అనే తత్వవేత్త జర్మనీలో వేరే దారిలో వచ్చి, శుద్ధ తర్కంతో దేవుణ్ణి నిరూపించలేం అన్నాడు, లేడని కూడా నిరూపించలేం అన్నాడు.

అంటే ఆ తలుపు మూసింది దేవుడు వద్దనేవాళ్లు మాత్రమే కాదు. దేవుడు కావాలనేవాళ్లు కూడా మూశారు, మూసి ఇంకోవైపు చూడమన్నారు. రామానుజులు శాస్త్రం వైపు, అంటే వేదం వైపు చూడమన్నారు. నిజం చెప్పాలంటే నేను అక్కడ ఆగలేకపోయాను, ఎందుకంటే ఏ శాస్త్రం అని అడిగిన మరుక్షణం మళ్లీ తర్కం దగ్గరికే రావాలి, ఒంగోలులో ఉన్న నా ఫ్రెండుకి బైబిల్ శాస్త్రం, మా పక్కింటి వాళ్లకి ఖురాను శాస్త్రం, వాళ్లెవరూ నాకన్నా తక్కువ నిజాయితీ ఉన్నవాళ్లు కాదు.

ఇక్కడ నాకు బాగా పనికొచ్చినవాడు ఘజాలీ అనే ముస్లిం పండితుడు. బాగ్దాదులో నిజామియా అనే విద్యాలయంలో పెద్ద ప్రొఫెసర్, వాదనలో ఆయన ముందు నిలబడేవాళ్లు లేరు, అట్లాంటి మనిషికి 1095లో పాఠం చెబుదామంటే నాలుక లేవలేదు, తిండి దిగలేదు, చివరికి ఉద్యోగం వదిలేసి ఊరు దాటి వెళ్లిపోయాడు. ఆయన అడిగిన ప్రశ్న లెక్కల మాస్టారుగా నన్ను పట్టేసింది. కంటికి నక్షత్రం ఒక దీనారు నాణెం అంత కనిపిస్తుంది, గణితం వచ్చి కాదు, అది భూమి కన్నా పెద్దది అంటుంది. కన్ను చెప్పింది తప్పని బుద్ధి వచ్చేదాకా కంటికి తెలీదు గదా, మరి బుద్ధి చెప్పేదాన్ని సరిదిద్దేది ఇంకోటి పైన లేదని బుద్ధికి ఎట్లా తెలుసు? అదింకా మనకి ఎదురు పడలేదు అన్నంత మాత్రాన అది లేదని అనగలమా?

ఇది చాలా బలమైన ప్రశ్న, కానీ ఇది చెప్పేది ఎంతవరకో కూడా చూడాలి. పరిష్కారం ఉండటానికి అడ్డం ఏమీ లేదని చూపడం వేరు, పరిష్కారం ఇదిగో అని చూపడం వేరు, పిల్లలు పరీక్షలో ఈ రెండూ కలిపేస్తే నేను మార్కులు కట్ చేస్తాను. ఘజాలీ ప్రశ్న నాకు మొదటిది ఇచ్చింది. రెండోది పుస్తకంలో దొరకదని ఆయనే చెప్పాడు, ఆరోగ్యం అంటే ఏందో నిర్వచనం తెలిసిన డాక్టరు జబ్బుపడి ఉండొచ్చు, నిర్వచనం తెలియని కూలివాడు ఆరోగ్యంగా ఉండొచ్చు అనే అర్థంలో.

మళ్లీ మా అమ్మ మాటకి వస్తా. మన తెలుగులో తెలుసు అనే మాటా ఉంది, ఎరుగుదును అనే మాటా ఉంది. ఈమధ్య రెండోది తగ్గిపోతా ఉంది గానీ మా అవ్వ తరం వాళ్లు కలిపి వాడేవాళ్లు కాదు. "ఆయన పేరు తెలుసు" అంటారు, "ఆయన్ని చిన్నప్పట్నుంచి ఎరుగుదును" అంటారు. పేరు, ఊరు, వయసు, ఆధార్ నంబరు, జీతం ఎంతో కూడా తెలిసి మనిషిని ఎరగకుండా ఉండొచ్చు. మా స్టాఫ్‌రూంలో పదిహేనేళ్లు పక్కన కూర్చున్న మనిషి గురించి నాకు అన్నీ తెలుసు, ఆయన్ని ఎరిగింది మాత్రం ఆయన కూతురు చనిపోయిన రోజు ఒక గంట. తెలుసుకోడానికి నేనొక్కణ్ణే చాలు, అవతల రాయి ఉన్నా తెలుసుకోవచ్చు. ఎరగడానికి ఇద్దరు కావాలి, అవతలి మనిషి తెరుచుకోవాలి, నేను కూడా ఎంతోకొంత తెరుచుకోవాలి. దేవుడనేవాడు ఉంటే, ఆయన రాయి లాంటి వస్తువు కాకపోతే, నేను ఇరవై ఏళ్లు అడిగింది తప్పు చోట అడిగాను. తెలుసుకునే పద్ధతిలో ఎరిగేదాన్ని వెతికాను.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాచిపెట్టి ముందుకెళ్లడం నాకిష్టం లేదు. అమ్మని చూసే డాక్టర్ ఆ మాట విని, అల్జీమర్స్‌లో మెదడులో కొత్త విషయాలు దాచుకునే హిప్పోక్యాంపస్ భాగం తొందరగా దెబ్బతింటుంది, ప్రేమ, భయం, అలవాటైన మనిషి అన్న ఫీలింగు కొంచెం ఎక్కువ కాలం నిలబడొచ్చు, అంతే సార్ అన్నాడు. ఇంటికొచ్చి చదివితే ఇంకా గట్టి ఉదాహరణ దొరికింది. 1911లో జెనీవాలో క్లాపరేద్ అనే డాక్టర్ ఒక పరీక్ష సంగతి రాశాడు. ఏ రోజుకారోజు అన్నీ మర్చిపోయే ఒక పేషెంటుకి షేక్‌హ్యాండ్ ఇస్తా వేళ్ల మధ్య గుండుసూది పెట్టి గుచ్చాడు. తర్వాత ఆమెకి ఆ గుచ్చడం గుర్తు లేదు, అయినా చెయ్యి చాపితే ఇవ్వలేదు. ఎందుకివ్వవు అంటే సరైన కారణం చెప్పలేకపోయింది.

కాబట్టి మనోడివే అనేది కూడా ఒక రకం జ్ఞాపకమే, ఇంకేం లేదు అనొచ్చు. ఒప్పుకుంటాను. ఒప్పుకున్న తర్వాత మిగిలేది చూడండి. ఆ జెనీవా ఆమె చెయ్యి ఇవ్వకపోవడం కరెక్టే, నిజంగానే గుచ్చాడు. మా అమ్మ మనోడివే అనడం కరెక్టే, నేను ఆమె కొడుకునే. ఇద్దరూ కారణం చెప్పలేరు, ఇద్దరూ ఎరిగింది నిజం. అంటే ఎట్లా తెలిసిందో చెప్పలేకపోతే తెలియనట్టే అనే నా పాత సూత్రం, నేను దేవుడి మీద వాడిన ఒకే ఒక్క ఆయుధం, మా ఇంట్లో మంచం మీదే తప్పయిపోయింది. దేవుడున్నాడని దీంతో తేలలేదు. అడ్డంగా పెట్టిన ఒక గడియ మాత్రం ఊడింది.

ఇంక ఆ రాత్రి సంగతి. ఇది రాయాలా వద్దా అని నెల రోజులు ఆగాను.

స్పాట్ వాల్యుయేషన్, అదే పరీక్ష పేపర్లు దిద్దడం, జరిగే రోజులు. పొద్దున్నే వెళ్లాలి. రాత్రి రెండున్నర అప్పుడు అమ్మ మూడోసారి పక్క పాడు చేసుకుంది. అంతకుముందు రెండోసారికే నేను ఆమె మీద అరిచాను, ఎనభై ఏళ్ల మనిషి మీద, ఆమె భయపడి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది, అది నా జీవితంలో నేను మర్చిపోలేని దృశ్యం. మూడోసారి లేచినప్పుడు కోపం కూడా అయిపోయింది, ఏమీ మిగల్లేదు. గోరువెచ్చని నీళ్లు బకెట్లో పట్టుకొచ్చి కాళ్లు కడుగుతున్నా. ఆమె సన్నగా పద్యం ఎత్తుకుంది, గజేంద్ర మోక్షంలో లావొక్కింతయు లేదు పద్యం, చిన్నప్పుడు నాకు కంఠతా పెట్టించింది ఆమే. మధ్యలో ముక్కలు ఎగిరిపోతున్నాయి, ప్రాణాలు ఠావులు తప్పడం దగ్గర ఏదో కలిపేసింది, "నీవే తప్ప ఇతఃపరం బెరుగ" దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత మాట రాలేదు. "ఎరుగ... ఎరుగ..." అని అదే మాట అంటా ఉంది.

అప్పుడు నా లోపల ఎప్పుడూ మాట్లాడేవాడు ఆగిపోయాడు. ఎట్లా చెప్పాలో తెలీటం లేదు. వెలుగు లేదు, శబ్దం లేదు, ఒళ్లు పులకరించలేదు. నన్ను ఎవరో ఎరుగుదురు అన్నది మాత్రం ఉంది, అరిచిన నన్ను, అరిచినందుకు సిగ్గుపడుతున్న నన్ను, డిబేట్లలో గెలిచిన నన్ను, మొత్తం నన్ను, ఏదీ దాచకుండా, ఎరిగి కూడా తోసెయ్యకుండా. నాకు ఆయనెవరో తెలీదు. నాకు తెలియకపోయినా ఆయనకి నేను మనోడినే. ఎంతసేపో తెలీదు, మళ్లీ చెయ్యి పెడితే బకెట్లో నీళ్లు చల్లారిపోయి ఉన్నాయి.

ద్విపద సిద్ధాంతం చెప్పేటప్పుడు పాస్కల్ త్రిభుజం బోర్డు మీద గీస్తాను, మన పింగళుడి ఛందస్సుకి రాసిన వ్యాఖ్యానంలో వచ్చే మేరుప్రస్తారం కూడా ఇదేనని చెబుతాను. ఆ పాస్కల్, లెక్కలు చేసే యంత్రం తయారు చేసినవాడు, సంభావ్యతకి పునాది వేసినవాడు, 1654 నవంబర్ 23 రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా తనకి జరిగింది ఒక కాగితం మీద రాసుకున్నాడు. మొదట్లో ఒక్కటే మాట, అగ్ని అని. అబ్రహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు, తత్వవేత్తల దేవుడు కాదు అని ఆ తర్వాత. దాన్ని కోటు లోపల కుట్టుకుని ఎనిమిదేళ్లు మోశాడు, ఎవరికీ చెప్పలేదు, 1662లో ఆయన చనిపోయాక బయటపడింది. పాతికేళ్లు ఆ త్రిభుజం గీసినా ఆ కాగితం సంగతి నాకు ఒక వింతగానే ఉండేది. టైము కూడా ఎందుకు రాసుకున్నాడో ఇప్పుడు తెలుస్తుంది. ఇది ఊహ కాదు, ఫలానా రోజు ఫలానా గంటకి జరిగింది అని తనకి తాను సాక్ష్యం పెట్టుకున్నాడు.

నిద్రలేక మెదడు అలిసిపోయి అట్లా అనిపించిందేమో అని నన్ను నేనే అడిగాను. అయ్యుండొచ్చు. మెదడులో ఏదో ఒకటి జరగకుండా ఏ అనుభవమూ ఉండదు, నేను పెన్నని చూసేటప్పుడు కూడా మెదడులో ఏదో జరుగుతుంది, అందువల్ల పెన్న లేదని ఎవరూ అనరు గదా. ఆ దారిలో వెళ్తే ఇది తేలదు, నాకు తెలిసి రెండు వైపులా తేలదు. నేను పెట్టుకున్న పరీక్ష వేరే. ఒకటి, ఆ రాత్రి నాకు కొత్త సమాచారం ఏమీ రాలేదు. చచ్చాక ఏమవుతుందో, ఏ మతం కరెక్టో, ప్రపంచం ఎట్లా పుట్టిందో ఏమీ తెలీలేదు. దేవుడు నాకు ఫలానా విషయం చెప్పాడు, ఫలానా వాళ్లని దూరం పెట్టమన్నాడు అని ఎవరైనా వార్త పట్టుకొస్తే నాకు అనుమానం, మూడు రోజుల్లో దైవానుభవం అని ఫీజు కట్టించుకునే వాళ్ల మీదైతే అనుమానం కూడా లేదు, అది మోసమే. రెండోది, మనిషిలో ఏం మారిందని. దీనికి నేను సాక్షిని కాదు. నాలుగు నెలల తర్వాత మా ఆవిడ తనంతట తనే "ఈమధ్య అత్తమ్మ మీ చప్పుడు వింటే ముడుచుకోవడం లేదండీ" అంది. ఆమెకి నేను ఆ రాత్రి సంగతి చెప్పలేదు.

మరి ఎవరైనా అక్కడికి ఎట్లా పోతారు? నాకు తెలిసింది చెలమ తీయడం ఒకటే. మా అవ్వ ఊరు పెన్న ఒడ్డునే, పైకి, సంగం దాటాక. ఎండాకాలం పెన్నలో కనుచూపు మేర ఇసకే. అవ్వ బిందె, కొబ్బరిచిప్ప తీసుకుని ఇసకలోకి దిగేది, వెనక నేను. ఒక చోట కూర్చుని చేతులతో ఇసక తోడేది. మూరెడు లోతు పోయాక ఇసక తడి తగులుతుంది, ఇంకాస్త తోడితే నీళ్లు ఊరతాయి. మొదట ఊరేది బురద నీళ్లు. వాటిని చిప్పతో తోడి పారబోయాలి. మళ్లీ ఊరతాయి, మళ్లీ పారబోయాలి. తర్వాత కూర్చోవాలి. నేను ఆగలేక చెయ్యి పెట్టి కెలికేవాణ్ణి, ఒడ్డు విరిగి ఇసకంతా గుంటలో పడేది, అవ్వ తిట్టకుండా మళ్లీ మొదలుపెట్టేది. కాసేపటికి అడుగున ఇసక రేణువు కూడా కనిపించేంత తేట నీళ్లు పక్కల నుంచి వచ్చి నిండేవి.

తర్కం చేసే పని ఆ తోడటం, ఆ పారబోయడం. అది లేకపోతే బురద నీళ్లనే తీర్థం అని తాగేస్తాం, తాగేవాళ్లని చూస్తానే ఉన్నాం. నేను హేతువాదిగా గడిపిన ఏళ్లు నాకు పారబోయడం నేర్పాయి, అందుకే వాటిని తిట్టుకోను. కానీ నీళ్లు చేతిలోంచి రావు. ఎంత గట్టిగా తోడినా ఊరేది నది. తోడి, పారబోసి, ఆ తర్వాత చెయ్యి తీసి కూర్చోవడం అనేది నాలాంటి చదువుకున్నవాడికి చాలా కష్టం. నాకైతే చెయ్యి తీసేంత ఓపిక రాలేదు, అలిసిపోయి చెయ్యి జారిపోయింది, అంతే. గజేంద్రుడిదీ అదే కథ గదా, వెయ్యేళ్లు మొసలితో తన బలంతోనే కొట్లాడాడు. బలం అయిపోయాక పిలిచాడు, పిలిచినప్పుడు కూడా మొదట ఏ దేవుడి పేరూ పెట్టలేదు, ఎవడి వల్ల ఇదంతా పుడుతుందో వాడు అన్నాడు, మధ్యలో కలడో లేడో అని అనుమానం కూడా పడ్డాడు. ఆ అనుమానాన్ని పోతన తీసెయ్యలేదు, ప్రార్థనలోనే ఉంచాడు. చిన్నప్పుడు కంఠతా పట్టిన నాకు అది నలభై దాటాక అర్థమైంది.

ఇక్కడ నేను తేల్చుకోలేని విషయం ఒకటుంది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారిది మన జిల్లానే, అలగానిపాడు, 1913లో పుట్టారు. పేరు చివర రెడ్డి తీసేశారు, ఆస్తి వదిలేశారు, ప్రజల పనికి అడ్డమని పిల్లలు కూడా వద్దనుకున్నారు. దేవుణ్ణి నమ్మలేదు. లోపల మాట్లాడేవాడు ఆగితేనే, అంటే నేను అనే గోడ కూలితేనే ఆ ఎరుక అని నేను రాస్తున్నాను గదా, ఆ గోడ ఆయనలో కూలినంతగా మా వీధి భక్తుల్లో ఎవరిలో కూలింది? ఆయనకి తెలియకుండానే ఆయన భక్తుడు అని చెప్పే చనువు నేను తీసుకోను, అది ఆయన్ని అవమానించడమే. ఆయన దేన్ని ఎరిగి అట్లా బతికాడో నా లెక్కలో ఇమడలేదు, ఇమడనందుకు నేను లెక్కనే అనుమానిస్తున్నాను, ఆయన్ని కాదు.

నేను ఇంటర్లో ఉన్నప్పుడు అమ్మ మొహర్రం నెలలో రొట్టెల పండగకి తీసుకెళ్లింది, బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువుకి. చదువు రొట్టె పట్టుకోడానికి. నేను అప్పటికే వాదించే దశలో ఉన్నాను, ఒడ్డునే నిలబడ్డా, దిగనన్నా. ఆమె చీర తడుస్తా మోకాటి లోతు నీళ్లలోకి పోయి కొంగు పట్టింది. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇవ్వాలి, కోరిక ఉన్నవాళ్లు తీసుకోవాలి. ఆమెకి ఇచ్చినామె బురఖాలో ఉంది, ఏ ఊరో తెలీదు, పేరు అడగలేదు, ఆమె కూడా మీరెవరని అడగలేదు. "మీ పిలగాడికి బాగా వస్తాదిలే అమ్మా" అంది. ఒక్క రొట్టెతో చదువొస్తుందా అని నేను దారి పొడుగునా అమ్మని వేధించాను. నాకు ఉద్యోగం వచ్చిన ఏడు ఆమె రొట్టెలు చేసుకుని ఒక్కతే వెళ్లి పంచి వచ్చింది. నేను వెళ్లలేదు.

ఇప్పుడు ఆమెకి ఆ చెరువు గుర్తు లేదు. ఇది రాస్తున్నప్పుడు పక్కనే మంచం మీద కూర్చుని నా ల్యాప్‌టాప్ వైపు చూస్తా ఉంది. ఇందాక అడిగింది, "ఎవురు నాయనా నువ్వు, ఇంత రాత్రిదాకా పని చేస్తుండావు, అన్నం తిన్యావా?" తిన్లేదమ్మా అన్నాను. దిండు కింద దాచుకున్న సగం అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది.